వేసవి వానల లెక్క తీయడం, రాబోయే వర్షాల అంచనా చదవడం

గుంటూరు ప్రాంతంలో వేసవి వాన అనగానే ముందుగా కళ్లాల్లో ఆరబోసిన మిర్చి గుర్తుకు వస్తుంది. పట్టాలు కప్పేలోగా గాలివాన వచ్చి తడిపితే కాయ తాలుగా మారి ధర పడిపోతుంది. అందుచేత గడిచిన వేసవిని పరిశీలించేటప్పుడు మొత్తం వర్షపాతంతో సరిపెట్టుకోకుండా, అది ఎన్ని రోజుల్లో కురిసిందో కూడా చూడాలి.

భారత వాతావరణ శాఖ మార్చి నుంచి మే వరకు కురిసిన వానను రుతుపవనాలకు ముందటి వర్షపాతంగా లెక్కిస్తుంది. ఉదయం 8.30 గంటలకు, అంతకు ముందరి 24 గంటల వానను ఆ తేదీ కింద నమోదు చేస్తారు కనుక, నిన్న సాయంత్రం కురిసిన వాన నేటి ఖాతాలో కనిపిస్తే అది పొరపాటు కాదు. కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే దానిని వర్షపు రోజు అంటారు.

కురిసిన దానిలో నుంచి సాధారణ వర్షపాతాన్ని, అంటే చాలా ఏళ్ల సగటును, తీసివేసి, వచ్చినదాన్ని సాధారణంతో భాగించి, వందతో గుణిస్తే వ్యత్యాస శాతం వస్తుంది. అది 19 శాతం ఎక్కువ తక్కువల మధ్య ఉంటే సాధారణం, 20 నుంచి 59 శాతం ఎక్కువైతే అధికం, అంతే తక్కువైతే లోటు. సాధారణం 80 మిల్లీమీటర్లనుకుంటే, 100 కురిసినప్పుడు 25 శాతం అధికమని తేలుతుంది; అయితే అందులో 70 ఒక్క రాత్రే పడి ఉంటే, తక్కిన వేసవంతా దాదాపు పొడిగా గడిచినట్టే.

విజయవాడ వన్‌టౌన్‌లో కుండపోతగా కురిసి పటమటలో చుక్క కూడా పడని సాయంత్రాలు ఉంటాయి కాబట్టి, సొంత కొలత మంచిది. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బాను డాబా మీద, పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ దూరంగా ఉంచి, రోజూ 8.30కే స్కేలుతో నీటి లోతు కొలిచి రాసుకోవాలి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు.

ఇక అంచనాల విషయం. "ఒకటి రెండు చోట్ల" అన్నది ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని వాటికే వాన తగలవచ్చని చెబుతుంది తప్ప, ఎంత కురుస్తుందో చెప్పదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం. ఏప్రిల్‌లో వెలువడే నైరుతి రుతుపవనాల అంచనా దేశమంతటి సగటైన 87 సెంటీమీటర్లతో పోల్చి చెప్పేది. దాన్ని చూసి మన మండలంలో నారు పోయడం తొందరపాటే. దానికి ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాల అంచనా మేలు.

విజయవాడవారు మరొకటి చూసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్‌ను ముంచిన బుడమేరు వాగు మైలవరం వైపు కొండల నీటిని తెస్తుంది. అందువల్ల ఎరుపు హెచ్చరిక వచ్చిన రోజున డాబా మీది డబ్బాతో పాటు ఎగువన మైలవరంలో ఎంత పడిందో కూడా కనుక్కోవాలి.