డెస్క్‌టాప్ వచ్చాక కూడా సిస్టం కదలడం లేదా?

సమస్య: డెస్క్‌టాప్ వస్తుంది, కానీ ఏది క్లిక్ చేసినా పక్కన చక్రం తిరుగుతూనే ఉంటుంది. మా బాబాయి జిరాక్స్ షాపులో సిస్టం ఇలాగే ఉండేది. ప్రింట్ల కోసం నలుగురు కౌంటర్ దగ్గర నిలబడితే ఆయనకు ఒకటే టెన్షన్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం చూపించింది, అంటే డిస్క్‌కు క్షణం తీరిక లేదు.

కారణం: సిస్టంతో పాటే లేచి కూర్చునే ప్రోగ్రాములు. ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ అప్‌డేటర్ కూడా అందులో ఉంది.

పరిష్కారం: టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో అన్నీ కనిపించవు. అందుకే నేను ఆటోరన్స్ వాడతాను. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఉచిత టూల్ ఇది. ఆ సంస్థను 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది కాబట్టి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి, వేరేచోట వద్దు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆప్షన్స్‌లో 'హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్' పెట్టండి. విండోస్ సొంతవి పక్కకు పోతాయి, పొరపాటున వాటిని ముట్టుకునే భయం ఉండదు. పసుపు రంగు వరస కనిపిస్తే ఆ ఫైలు ఇప్పుడు అక్కడ లేదని అర్థం. అక్కర్లేనివాటికి టిక్ తీసేయండి, డిలీట్ మాత్రం కొట్టకండి. టిక్ అయితే మళ్లీ పెట్టుకోవచ్చు. ఒకేసారి రెండు మూడు తీసి, రీస్టార్ట్ చేసి చూడండి. యాంటీవైరస్ జోలికి వెళ్లొద్దు. తెలుగు టైపింగ్ కోసం అను స్క్రిప్ట్ మేనేజర్ స్టార్టప్‌లో పెట్టుకున్నవాళ్లు దాన్నీ వదిలేయండి, లేకపోతే మర్నాడు పేజ్‌మేకర్‌లో తెలుగు పడదు.

సమస్య: 'ఒక్క క్లిక్‌తో స్పీడ్' టూల్ వాడాక, స్టార్ట్‌లో పేరు కొడితే ఫైళ్లు దొరకడం లేదు.

కారణం: వెనకాల ఉండి ఫైళ్లు వెతికిపెట్టే విండోస్ సెర్చ్ సర్వీసును ఆ టూల్ ఆపేసి ఉంటుంది.

పరిష్కారం: స్టార్ట్‌లో 'సర్వీసెస్' తెరిచి, విండోస్ సెర్చ్ మీద డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ను 'ఆటోమేటిక్ (డిలేడ్ స్టార్ట్)'కు మార్చి, 'అప్లై' కొట్టి, ఆ తర్వాత స్టార్ట్ నొక్కండి. ఇండెక్స్ (ఫైళ్ల జాబితా) మళ్లీ తయారయ్యేదాకా కాస్త ఓపిక పట్టాలి. అప్‌డేట్లు ఆగిపోయినా ఇక్కడే చూడండి: విండోస్ అప్‌డేట్ 'డిసేబుల్డ్'లో ఉంటే 'మాన్యువల్' చేయండి.

టూల్ ఏమేం మార్చిందో తెలియకపోతే సెట్టింగులను పాత స్థితికి తిప్పే సిస్టం రీస్టోరే దిక్కు. దానికి రీస్టోర్ పాయింట్ (ఆ పాత స్థితి గుర్తు) ముందే పెట్టుకుని ఉండాలి, అందుకే ఏ టూల్ తెరిచేముందైనా ఆ పని చేయండి. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే క్లీనర్ల జోలికే పోవద్దు. అవి తెచ్చే వేగం కంటికి ఆనదు, పాడుచేస్తే మాత్రం విండోస్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు.

ఇన్ని చేసినా డిస్క్ 100 దగ్గరే ఉంటే సెట్టింగులను తప్పుపట్టకండి. లోపల పాత హార్డ్ డిస్క్ ఉందేమో చూసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. బాబాయి చివరికి అదే చేశారు.