పంటి వాపు గడ్డం కిందికి దిగినప్పుడు: సమస్య – పరిష్కారం

సమస్య: కింది దవడ పన్ను నాలుగు రోజులుగా సలుపుతోంది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలతో నొప్పి కొంత తగ్గినా, వాపు మాత్రం బుగ్గ నుంచి గడ్డం కిందికి దిగి, రెండు వైపులా పాకి, నొక్కితే చెక్కలా గట్టిగా తగులుతోంది.

కారణం: కింది దవడలో చివరి రెండు పళ్ల వేళ్లు నోటి అడుగును మోసే కండరం అతుక్కునే చోటు కంటే దిగువ వరకు ఉంటాయి కాబట్టి, అక్కడ పుట్టిన ఇన్ఫెక్షన్ చిగురు మీద పొక్కులా బయటపడకుండా మెడ పొరల్లోకి దిగుతుంది. ఆ వాపు నాలుకను పైకీ వెనక్కీ నెట్టి, ఊపిరి దారిని ఇరుకు చేస్తుంది. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఈ జబ్బును లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. ప్రాణం తీసేది చాలాసార్లు చీము కాదు, ఊపిరి ఆడకపోవడమే.

ఇంట్లోనే చూడదగినవి: రోగి తన మూడు వేళ్లను నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోగలగాలి, ఒక వేలే పడుతుంటే దవడ కండరాలు బిగుసుకున్నట్టే. ఉమ్మి మింగలేక చొంగ కారడం, నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నట్టు మాట రావడం, నాలుక పైకి లేవడం, పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు. జ్వరం లేదని ధైర్యపడవద్దు. పారాసిటమాల్ దాన్ని అణచిపెట్టి ఉండవచ్చు. షుగర్ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ మరింత వేగంగా పాకుతుంది.

పరిష్కారం: విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో సోమవారం క్లినిక్ తెరుస్తారు కదా అని ఆదివారం రాత్రంతా కాపడం పెడుతూ కూర్చోవడం నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. వెంటనే 108కు ఫోన్ చేసి, గుంటూరు లేదా విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి, మత్తు వైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు ఉండే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. దారిలో వెల్లకిలా పడుకోబెట్టవద్దు, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వవద్దు, వాడిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. అక్కడ ముందు ఊపిరి దారిని కాపాడి, నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు. అవసరాన్ని బట్టి స్కాన్ తీసి, చీము బయటికి తీసి, మూలమైన పంటికి చికిత్స చేస్తారు. లవంగ నూనె పంటి నొప్పిని తగ్గిస్తుంది గాని, మెడలోకి దిగిన ఇన్ఫెక్షన్‌ను తాకదు.

మరో రెండు లక్షణాలకూ ఇదే తొందర అవసరం. జలుబు తరువాత పిల్లల కనురెప్ప వాచి, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, కదిలిస్తే నొప్పి పుట్టినా, చూపు మందగించినా సైనస్ ఇన్ఫెక్షన్ కంటి గూటిలోకి పాకి ఉండవచ్చు. చెవి పోటు తరువాత చెవి వెనుక ఎముక మీద ఎర్రగా వాచి, చెవి ముందుకు నెట్టినట్టు నిలబడితే ఆ ఎముకలోనే ఇన్ఫెక్షన్ చేరి ఉండవచ్చు. చెవిలో నూనె చుక్కలు వేయకుండా అదే రోజు వైద్యునికి చూపించాలి.