వర్జీనియా పొగాకు తోటల్లో బానిసత్వం: గుంటూరు తరగతి గదిలో ఈ పాఠం ఎలా చెప్పాలి

వర్జీనియా పొగాకు అన్న మాట గుంటూరు విద్యార్థులకు కొత్త కాదు; పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. కాబట్టి వలస కాలపు అమెరికాలోని బానిసత్వం గురించిన పాఠాన్ని సంకెళ్ళ బొమ్మలతో కాక పంట పనితో మొదలుపెట్టండి.

ముందుగా ఏడాది పొడవునా సాగే పనిని బోర్డు మీద వరుసగా రాయించండి: చలికాలం చివర నారుమళ్ళు, వేసవి మొదట్లో నాట్లు, ఆపైన కలుపు తీయడం, తలలు తుంచడం, పిలకలు గిల్లడం, పురుగులు ఏరడం, కోత, కొట్టాల్లో ఆరబెట్టడం, ఆకును పెద్ద పీపాల్లో కుక్కి ఓడలకు చేర్చడం. రైతు కుటుంబాల పిల్లలకు వీటిలో చాలా పనులు తెలిసే ఉంటాయి, వారినే చెప్పనివ్వండి. ఒక్కటి మాత్రం సరిదిద్దాలి. మన బ్యారన్లలో గొట్టాల వేడితో ఆకును క్యూరింగ్ చేసే పద్ధతి 19వ శతాబ్దంలో వ్యాపించినది. వలస కాలంలో మొక్కను మొదలంటా కోసి ఎక్కువగా గాలికే ఆరబెట్టేవారు.

ఆ తరవాత ఈ పని ఎవరు చేశారో, దాన్ని వదిలి ఎందుకు పోలేకపోయారో అడగండి. 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ అనే ఇంగ్లీషు వలసదారు వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో పొగాకు సాగు ప్రారంభించాక తొలి దశాబ్దాల్లో చాకిరీ చేసినవారిలో అత్యధికులు, ఓడ ఖర్చుకు బదులుగా కొన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పుకుని వచ్చిన ఇంగ్లీషు కూలీలు. 1619లో ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన ఇరవై మందికి పైగా మనుషులను వర్జీనియా తీరంలోని పాయింట్ కంఫర్ట్‌లో దించారు.

పాఠంలో ఎక్కువ సమయం చట్టాలకే కేటాయించండి, ఎందుకంటే బానిసత్వాన్ని పాలకులు మెట్టుమెట్టుగా నిర్మించిన తీరు అక్కడే కనబడుతుంది. 1640లో ముగ్గురు పనివారు పారిపోయి పట్టుబడితే, ఇద్దరు ఐరోపావారికి కొన్నేళ్ళ గడువు పెంచిన న్యాయస్థానం నల్లజాతికి చెందిన జాన్ పంచ్‌కు జీవితాంతపు చాకిరీ విధించింది. 1656లో ఎలిజబెత్ కీ అనే మహిళ, తన తండ్రి ఇంగ్లీషువాడనీ తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలిననీ వాదించి విముక్తి సాధించింది. ఆమె వాదనలు రెండూ రాయించి, వాటి పక్కనే 1662, 1667 చట్టాలను పెట్టండి. మొదటిది బిడ్డ స్థితిని తల్లి స్థితే నిర్ణయిస్తుందని, రెండోది బాప్తిస్మం బానిసకు స్వేచ్ఛ ఇవ్వదని ప్రకటించాయి. ఆమె బయటపడిన దారులు ఆమె తరవాతివారికి ఎలా మూసుకుపోయాయో విద్యార్థులు తామే గుర్తించాలి. బానిసల గురించిన చట్టాలను ఒకచోట చేర్చిన 1705 నాటి చట్టసంహితను ఆ పిమ్మట ఇవ్వండి.

ఇది మన వెట్టిచాకిరీ వంటిదే కదా అని ఎవరో ఒకరు అడగవచ్చు. ఆ పోలికను కొట్టిపారేయకండి, బలవంతపు శ్రమ రెండుచోట్లా నిజమే. అయితే వర్జీనియాలో మనిషిని చట్టరీత్యా ఆస్తిగా అమ్మారు, తాకట్టు పెట్టారు, వీలునామాలో పంచారు.

దక్షిణ కరోలినా వరి తోటలను క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది, కానీ 1739లో అక్కడి బానిసలు చేసిన స్టోనో తిరుగుబాటును, మరుసటి ఏడాది బానిసలకు రాత నేర్పడాన్ని నిషేధించిన చట్టాన్ని వదలకండి.

పరీక్షలో ఆఫ్రికావారు ఎండకు తట్టుకోగలరు కాబట్టే బానిసలయ్యారని ఎవరైనా రాస్తే, అది తోటల యజమానులు తమను సమర్థించుకోవడానికి చెప్పిన మాట అని వివరించి, అదే ఎండలో అదే పొలాల్లో తొలి దశాబ్దాల పాటు పనిచేసిన ఇంగ్లీషు కూలీల సంగతి గుర్తుచేసి, జవాబును మళ్ళీ రాయించండి.