హైడ్రాలిక్ పైపు కారుతోందా? కొత్తది కొనే ముందు కారే చోటు పట్టుకోండి

మాది చిత్తూరు జిల్లా ఇరాల మండలం. మూడున్నర ఎకరాల తోతాపురి మామిడి తోట, అందులో తిరగడానికి ఒక మినీ ట్రాక్టర్. పెద్ద ట్రాక్టరైతే కొమ్మలకు తగిలి కాయ రాలిపోతుందని చిన్నదే కొన్నాం. మా ఆయన బెంగుళూరులో డ్యూటీ, ఆదివారం తప్ప ఊర్లో ఉండరు. బండి తోలేదీ నేనే, దానికి జబ్బు చేస్తే చూసుకునేదీ నేనే.

పోయిన జూన్‌లో ఫ్యాక్టరీకి కాయ తోలే రోజుల్లో టిప్పింగ్ ట్రాలీ లేవడం మెల్లగా అయిపోయింది. తెల్లారి చూస్తే ట్రాక్టర్ వెనక నేల మీద పళ్లెమంత నూనె మరక. వంగి చూస్తే, ట్రాలీ పైపును ట్రాక్టర్ పైపుకు తగిలించే క్విక్ కప్లింగ్ కింద చుక్క వేలాడుతోంది. ఇంకేముంది, కప్లింగే పోయిందనుకుని చిత్తూరు పోయి కొత్తది తెచ్చి బిగించాను. మర్నాడు మళ్లీ అదే మరక. జాయింట్లో నూనె కారకుండా ఆపే రబ్బరు వలయం, అదే ‘ఓ-రింగు’, మార్చాను. మళ్లీ అదే. మూడో రోజు మెకానిక్ అన్నను పిలిస్తే ఆయన పానా కూడా బయటికి తీయలేదు. టార్చి పట్టుకుని కప్లింగ్ నుంచి పైకి, జానెడు జానెడుగా పైపు వెంట చూసుకుంటూ పోయాడు. సీటు వెనక క్లాంపు దగ్గర ఆగాడు. అక్కడ ఒక బోల్టు తల పైపును రాసుకుని రాసుకుని పై రబ్బరు అరిగిపోయింది. లోపలి ఇనుప తీగల అల్లిక తుప్పు పట్టి కనబడుతోంది. నూనె పుట్టేది అక్కడ. పైపు వెంటే జారి, అడుగున వేలాడే కప్లింగ్ దగ్గరికొచ్చి చుక్కగా పడుతోంది. నేను రెండు రోజులూ చుక్క పడే చోటికే వైద్యం చేశాను.

కాబట్టి మీ బండి కారుతుంటే ముందు కడగండి. ట్రాలీ పూర్తిగా దించి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఆ తర్వాత లివర్ రెండు మూడు సార్లు అటూ ఇటూ కదపండి, పైపులో మిగిలిన ప్రెషర్ దిగిపోతుంది. పాత నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన మడ్డి అంతా డీజిల్ గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వండి. ఆరాక పైపు మీద, జాయింట్ల చుట్టూ టాల్కం పౌడర్ చల్లండి. నూనె ఎక్కడ మొదట ఊరితే అక్కడ పౌడర్ తడిసి నల్లబడుతుంది. మొదట్లో నేను ముగ్గుపిండి చల్లాను, ఇంట్లో అదే డబ్బాడు ఉంది కదా అని. మెకానిక్ అన్న గొంతు లేచింది: "ఏమ్మా, అది రాతిపొడి. నట్టు విప్పినప్పుడు లోపలికి పోయిందంటే పంపు గోవిందా!" అప్పటి నుంచి పౌడర్ డబ్బా ఒకటి ట్రాక్టర్ టూల్ బాక్సులోనే ఉంటోంది.

ఇప్పుడు బండి స్టార్ట్ చేసి లివర్ మీద ఒకరిని కూర్చోబెట్టండి. ఖాళీ ట్రాలీని లేపుతూ దించుతూ ఉంటే మీరు దూరంగా నిలబడి చూడండి. చాలా లీకులు బరువు ఎత్తేటప్పుడే బయటపడతాయి, బండి ఊరికే నిలబడి ఉంటే కనబడవు. పైకి పూర్తిగా లేచాక కూడా లివర్‌ను అలాగే లాగి పట్టుకోనివ్వకండి. ప్రెషర్ మితిమీరితే వదిలే రిలీఫ్ వాల్వ్ కూత పెడుతుంది, నూనె వేడెక్కుతుంది. లేచిన ట్రాలీ కిందికి తల కూడా పెట్టొద్దు. పైపు తెగితే అది దిగదు, పడుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లీకు ఎక్కడుందా అని చేత్తో తడమకండి. కారు టైరులో గాలి 30 పీఎస్ఐ ఉంటుంది. ఈ పైపులో బరువు ఎత్తేటప్పుడు 2,000 పీఎస్ఐ దాటుతుంది. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె ఒక్కోసారి కంటికి కూడా ఆనదు, కానీ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. తోలు గ్లౌజులు కూడా ఆపలేవు. కాయల అట్టపెట్టె ముక్క ఒకటి కర్రకు కట్టి, దూరం నుంచి పైపు పక్కగా పోనివ్వండి. లీకున్న చోట అట్ట మీద తడి గీత పడుతుంది. ఎవరికైనా నూనె చర్మంలోకి దూరిందంటే పైకి దోమ కుట్టినట్టు చిన్న చుక్కే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. పసుపు పెట్టి ఊరుకోవడం, టీటీ ఇంజక్షన్‌తో సరిపెట్టుకోవడం చేయొద్దు. లోపల నూనె పాకి వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి పోవాలి. తిరుపతి వైపు వాళ్లయితే రుయా ఉంది, స్విమ్స్ ఉంది. డాక్టర్‌తో "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి.

జాయింటు దగ్గరే ఊరుతోందని తేలితే మీ అదృష్టం. నట్టు ఒకసారి బిగించి చూడండి. రెండు పానాలు కావాలి: ఒకటి ఫిట్టింగును కదలకుండా పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే పైపే మెలిపడుతుంది. బిగించినా ఆగకపోతే విప్పి ఓ-రింగు మీద, లోపలి కోన్ (ఏటవాలు ముఖం) మీద గీతలు పడ్డాయేమో చూడండి. కొళాయికి చుట్టినట్టు తెల్ల టేపు చుట్టకండి. ఈ జాయింట్లలో నూనెను ఆపేది మరలు కాదు, ఆ కోను లేదా ఓ-రింగు. టేపు ముక్క ఊడి వాల్వులో ఇరుక్కుంటే అదో కొత్త తంటా.

పైపే పోతే మార్చడం ఒక్కటే దారి. సైకిల్ ట్యూబు చుట్టి, కట్టుతీగ బిగించి సీజన్ గడిపేద్దామని నాకూ అనిపించింది. ఆ ప్రెషర్‌కు అది ఒక్క ట్రిప్పు కూడా ఆగదు.

విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీయండి. కింద బేసిన్ పెట్టి విప్పి, తెరిచిన రెండు చివరలకూ శుభ్రమైన పాలిథీన్ కవరు, రబ్బరు బ్యాండు వేయండి. పాత పైపును పారేయకుండా షాపుకు తీసుకెళ్లండి. లారీల, జేసీబీల పైపులకు ఫిట్టింగులు ప్రెస్ చేసి ఇచ్చే షాపుల్లో పాతది చూసి అలాంటిదే చేసిస్తారు. నాది 3/8 అంగుళం. ఆ కొలత పైపు లోపలి బోరుది, బయటి లావుది కాదు. సింగిల్ వైరా, డబుల్ వైరా అన్నది పైపు మీదే అచ్చువేసి ఉంటుంది. 3/8లో 1ఎస్ఎన్ అంటే ఒక వరుస తీగ, 180 బార్ ప్రెషర్ వరకు (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ). 2ఎస్ఎన్ అంటే రెండు వరుసలు, 330 బార్. నేను డబుల్ వైరే తీసుకున్నాను, తొమ్మిది వందలైంది. ఒక చివర వంపు ఫిట్టింగు ఉంటే అది ఏ వైపు తిరిగి ఉందో పాత పైపు మీద సుద్దతో గీత గీసి చూపించండి. ప్రెస్ చేశాక లోపల గాలి కొట్టించడం మర్చిపోవద్దు. కోసినప్పటి రబ్బరు పొడి, తీగ ముక్కలు అందులోనే ఉంటాయి.

బిగించేటప్పుడు పైపు మీది అచ్చు గీతను చూడండి. అది తిన్నగా ఉంటే సరే. తాడులా చుట్టుకుంటూ పోతే పైపు మెలిపడినట్టే, విప్పి మళ్లీ పెట్టండి. ట్రాలీని పూర్తిగా కుడికి, ఎడమకు తిప్పి చూసినా పైపు బిర్రుగా లాగకూడదు.

తర్వాత మాన్యువల్లో రాసిన ఆయిలే పోసి, ఖాళీ ట్రాలీని మెల్లగా ఐదారు సార్లు లేపి దించితే గాలి పోతుంది. ట్రాలీ దించి, ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ మళ్లీ చూడండి. నూనె నురగగా ఉంటే గాలి ఇంకా ఉందని, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. బయట చుక్క లేకుండా నురగ మాత్రం ఎంతకూ తగ్గకపోతే పంపుకు నూనె లాగే సక్షన్ పైపు క్లిప్పులు చూడండి. అక్కడ లీకుంటే నూనె బయటికి రాకుండా గాలి లోపలికి పోతుంది.

మా పైపును రాసుకున్న ఆ బోల్టును తిరగేసి బిగించాడు మెకానిక్ అన్న, తల అవతలి వైపు పోయింది. నేను పాత 20 ఎం.ఎం. డ్రిప్ పైపును జానెడు కోసి, నిలువునా చీల్చి, క్లాంపు దగ్గర కొత్త పైపుకు తొడిగి జిప్ టైలు వేశాను. మొన్న దీపావళికి విప్పి చూస్తే డ్రిప్ ముక్క మీదే గీతలున్నాయి. ఆ ముక్క పారేసి ఇంకోటి తొడిగాను.