స్పానిష్ స్వబోధిని, 6వ పాఠం: మెర్సేదెస్ ఒక్కతేనా, పలువురా?

కిందటి పాఠంలో బహువచనం నేర్చుకున్నాం: మాట అచ్చుతో ముగిస్తే 'స్', హల్లుతో ముగిస్తే 'ఎస్' చేరుతుంది. ఆ సూత్రంతో ఇప్పుడు మనకు కారు పేరుగా తెలిసిన మాటను విప్పుదాం.

'మెర్సేద్' అంటే అనుగ్రహం, దయ. స్త్రీలింగం. దీనికి మూలమైన లాటిన్ మాటకు కూలి, ప్రతిఫలం అని అర్థం. హల్లుతో ముగుస్తుంది కనుక బహువచనం 'మెర్సేదెస్'. 'మరియా దె లాస్ మెర్సేదెస్' అంటే అనుగ్రహాల మేరీమాత. బందీలను విడిపించేందుకు పేద్రో నోలాస్కో 1218లో బార్సిలోనాలో స్థాపించిన సన్యాసుల సంఘం ఈ మాత పేరు మీదే నడిచింది. ఆమె పండుగ సెప్టెంబరు 24. ఆడపిల్లలకు పెట్టే ఆ పొడవాటి పేరులో చివరి మాటే వాడుకలో నిలిచింది. ముద్దుగా స్పెయిన్‌లో మెర్చె, మెక్సికోలో మెచె అంటారు. కారుకు ఆ పేరు ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి కూతురి వల్ల వచ్చింది. ఆ పిల్ల పుట్టింది వియన్నాలో!

పలికేటప్పుడు నొక్కు 'సే' మీద ఉండాలి. స్పెయిన్‌లో ఎక్కువ మంది ఆ 'స'ను నాలుక కొన పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. లాటిన్ అమెరికాలో మామూలు 'స' చాలు.

రూపం బహువచనమైనా మనిషి ఒక్కతే, కాబట్టి క్రియ ఏకవచనం: 'మెర్సేదెస్ ఎస్ మి ఎర్మానా' (మెర్సేదెస్ మా అక్క). 'మెర్సేదెస్ గారు వచ్చారు' అనే మన అలవాటు ఇక్కడ కాలికి అడ్డం పడుతుంది. పెద్దావిడైనా సరే, 'ఎస్' బదులు దాని బహువచనమైన 'సోన్' అనకండి.

అసలు తమాషా ఇప్పుడు. పూర్వం గౌరవంగా పిలవాలంటే 'బుయెస్త్రా మెర్సేద్' అనేవారు, అంటే 'తమ అనుగ్రహం'. నలిగి నలిగి అదే 'ఉస్తేద్' అయింది, మన 'మీరు'. ఎదుటివారిని కాక వారి అనుగ్రహాన్ని సంబోధించడం వల్ల 'ఉస్తేద్'కు ప్రథమపురుష క్రియే వస్తుంది: 'ఎయ్యా అబ్లా' (ఆమె మాట్లాడుతుంది), 'ఉస్తేద్ అబ్లా' (మీరు మాట్లాడతారు). 'వారు వచ్చారు', 'మీరు వచ్చారు' అనే మనకు ఇది కొత్తేమీ కాదు. వ్యాకరణ పుస్తకాలు దీన్ని మినహాయింపుగా బట్టీ పట్టిస్తాయి, అనవసరంగా.

అభ్యాసం: ఖాళీల్లో 'ఎస్' లేదా 'సోన్' రాయండి.
మెర్సేదెస్ ___ ఆల్తా.
మెర్సేదెస్ ఇ పిలార్ ___ ఎర్మానాస్.
ఉస్తేద్ ___ దె లా ఇందియా.

జవాబులు వచ్చే పాఠంలో. అప్పుడే దొలోరెస్ 'లోలా' ఎలా అయిందో కూడా చూద్దాం.