పరీక్ష హాల్లో చూసిన ప్రశ్న బయట చెప్పకండి: ఎన్‌క్లెక్స్ రాసేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన నెల మా స్టడీ గ్రూపులో ఒకమ్మాయి అమెరికాలో నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి వచ్చింది. బాగా రాశానన్న సంతోషం పట్టలేక ఆ రాత్రే కూర్చుని గుర్తున్న ప్రశ్నలన్నీ టైప్ చేసి గ్రూపులో పెట్టేసింది. మొత్తం పదకొండు. కింద "మీకు పనికొస్తాయని పెడుతున్నా, అందరూ పాసవ్వాలి" అని కూడా రాసింది. తెల్లారేసరికి ఆ మెసేజ్ ఇంకో నాలుగు గ్రూపులకు పాకింది, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేశారు. ఇప్పుడు ఆమె రిజల్ట్ ఆగిపోయింది. రెండేళ్లు డ్యూటీలు చేస్తూ, నైట్ షిఫ్ట్ దిగి వచ్చి నిద్ర ఆపుకుని చదివిన పిల్ల. ఫోన్ చేస్తే ఏడుస్తుంది తప్ప మాట్లాడలేకపోతోంది.

ఇలాంటిది నేను చూడటం ఇది మూడోసారి. ఏటీటీ (పరీక్ష రాయడానికిచ్చే అనుమతి పత్రం) చేతికొచ్చి తేదీ బుక్ చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. బాగా నిద్రపోండి, ఐడీ మర్చిపోకండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

హాల్లో చూసింది హాల్లోనే

పరీక్ష మొదలయ్యే ముందు స్క్రీన్ మీద ఒక ఒప్పందం వస్తుంది. అప్పటికే గుండె దడదడలాడుతుంటుంది, ఎవరూ చదవరు, నొక్కేసి ముందుకెళ్లిపోతారు. అందులో ఉన్నది ఇదీ: ఇక్కడ చూసిన ప్రశ్నలను, జవాబులను పరీక్షకు ముందు గానీ, రాస్తున్నప్పుడు గానీ, రాశాక గానీ ఎవరికీ చెప్పను, ఎక్కడా పెట్టను. ఎవరికీ అంటే మీ టీచర్‌కి కూడా. సోషల్ మీడియా కూడా అందులోకే వస్తుంది. ఆ ప్రశ్నల మీద కాపీరైట్ పరీక్ష నడిపే ఎన్‌సీఎస్‌బీఎన్‌ది (అక్కడి నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి). మాట తప్పితే రిజల్ట్ రద్దు చేయొచ్చు, లైసెన్స్ ఇవ్వకపోవచ్చు, కేసు కూడా పెట్టొచ్చు.

పరీక్ష ఫెయిలైతే 45 రోజులు ఆగి మళ్లీ రాసుకోవచ్చు. ఫెయిలవడం పెద్ద దెబ్బే, కానీ తేరుకోగలిగిన దెబ్బ. ప్రశ్నలు బయటపెట్టారన్న మాట ఒకసారి లైసెన్స్ ఇచ్చే నర్సింగ్ బోర్డు ఫైల్లోకి ఎక్కిందంటే మాత్రం, తర్వాత ప్రతి దరఖాస్తులోనూ దానికి మీరు జవాబు చెప్పుకుంటూ ఉండాలి.

ఇంత రిస్క్ చేసి పెట్టినా అవతలివాళ్లకు ఒరిగేదీ లేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఈ పరీక్ష అందరికీ ఒకే పేపర్ ఇవ్వదు. మీరు ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది. కనీసం 85, ఎక్కువలో ఎక్కువ 150 ప్రశ్నలు, అయిదు గంటల టైమ్. వాటిలో 15 ప్రశ్నలకు అసలు మార్కులే లేవు, ముందు ముందు వాడటానికి పరీక్షించి చూసుకునే ప్రశ్నలవి. ఏది అలాంటిదో మీకు తెలియదు. మీరు అంత కష్టపడి గుర్తుపెట్టుకుని రాసిన ప్రశ్న మీ ఫ్రెండ్‌కి రాకపోవచ్చు, మీకు కూడా దానికి మార్కు పడి ఉండకపోవచ్చు.

ప్రాక్టీస్ ప్రశ్నల చర్చ

ఇది తప్పు కాదు, చేయాలి కూడా. ఒక్కరే కూర్చుని చదివినదానికంటే నలుగురిలో వాదించుకున్నది బాగా నిలుస్తుంది. డిజాక్సిన్ అనే గుండె మందు ఇచ్చే ముందు ఒక నిమిషం నిండా ఎపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి లెక్కపెట్టే గుండె చప్పుడు) చూడాలి, పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే డోస్ ఆపి డాక్టర్‌కి చెప్పాలి, పొటాషియం తగ్గితే ఆ మందు విషమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఈ విషయాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఎంతసేపైనా మాట్లాడుకోండి. ప్రాక్టీస్ ప్రశ్నలు అమ్మే ఒక కంపెనీ ఆ విషయం చుట్టూ అల్లిన పేషెంట్ కథ, ఆప్షన్లు, వివరణ మాత్రం వాళ్ల రాత. అందుకని "ఈ ప్రశ్నలో ఏబీసీ (శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ) చూడాలా, ముందు అసెస్ చేయాలా, నాకు ఇక్కడ తికమక" అని మీ మాటల్లో అడగండి. స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పెట్టకండి.

అలాంటి ఒక ఫొటో సంగతి చెబుతాను. కొంచెం వంకరగా తీసింది, మూలన బొటనవేలి నీడ పడింది. పైన పేరు కనబడకుండా జాగ్రత్తగా కత్తిరించారు. కానీ వివరణ మధ్యలోంచి ఏటవాలుగా, లేత బూడిద రంగులో, ఒక ఈమెయిల్ ఐడీ ఉంది. ఫోన్ బ్రైట్‌నెస్ పెంచితేనే కనబడేంత లేతగా. ఆ ఐడీ ఫొటో పెట్టినవాళ్లది కాదు, నమ్మి లాగిన్ ఇచ్చిన ఫ్రెండ్‌ది. పరీక్షకు పది రోజులుందనగా ఆ ఫ్రెండ్ అకౌంట్ లాక్ అయింది. అందులో తను రాసుకున్న నోట్స్, తప్పుపోయిన ప్రశ్నల లిస్టు, అన్నీ పోయాయి. ఇద్దరూ ఒకే రూమ్‌లో ఉండేవాళ్లు, ఇప్పుడు మాటల్లేవు.

ఉచితంగా తిరిగే పీడీఎఫ్‌లు

"చదువు కోసం మాత్రమే" అని మొదటి పేజీలో రాసేస్తే కాపీరైట్ పోదు. డబ్బు తీసుకోకుండా పంచినా పోదు. అది చట్టం సంగతి.

చదువు సంగతి వేరే ఉంది. ఆ ఫైళ్లలో చాలావాటిని ఎవరో మళ్లీ టైప్ చేసి పెట్టారు. ఆప్షన్ల వరుస మారుతుంది, జవాబుల కీ మాత్రం పాతదే ఉంటుంది. పల్స్ 54, వికారం, లైట్ల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయంటున్న పేషెంట్‌కి డిజాక్సిన్ డోస్ ఇచ్చేసి గంట తర్వాత మళ్లీ చూడమని కీలో ఉన్న ఫైల్ నా కళ్లతో చూశాను. దాన్నే బట్టీపట్టినవాళ్లు ఉన్నారు. పరీక్ష పోతే పోయింది, రేపు వార్డులో అదే చేతికొస్తే?

ఇంకోటి, పాత ఫైళ్లు. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష కొత్త రూపంలోకి వచ్చింది. ఒక పేషెంట్ కథ మీద ఆరేసి ప్రశ్నలు ఉండే కేస్ స్టడీలు, సగం సరైతే సగానికి మార్కులు, ఇవన్నీ అప్పుడు వచ్చినవే. మీ ఫైల్లో "కనీసం 75 ప్రశ్నలు" అని గానీ "గరిష్ఠంగా 265" అని గానీ ఉంటే అది కాలం చెల్లినది, తీసేయండి. సరిపోయేవన్నీ ఎంచుకోమనే ప్రశ్నకు పాత పద్ధతిలో ఒక్కటి తప్పినా సున్నానే. ఇప్పుడు సరైనదానికి ఒక మార్కు కలుస్తుంది, తప్పుదానికి ఒకటి పోతుంది, సున్నా కిందికి మాత్రం వెళ్లదు. డౌటున్నదల్లా టిక్ పెట్టేస్తే సంపాదించిన మార్కు కూడా పోతుంది.

డబ్బుకు ఇబ్బందని నాకు తెలుసు, సబ్‌స్క్రిప్షన్లు అందరూ కొనలేరు. టెస్ట్ ప్లాన్ ఎన్‌సీఎస్‌బీఎన్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ఏ ఏ విభాగం నుంచి ఎంత శాతం అడుగుతారో అందులోనే ఉంది. ఓపెన్‌స్టాక్స్, ఓపెన్ ఆర్‌ఎన్ నర్సింగ్ పుస్తకాలు పంచుకోవడానికి అనుమతి ఇచ్చి మరీ ఉచితంగా పెట్టినవే. వాటి లింకులు ఎంతమందికైనా పంపండి, ఏ భయమూ లేదు.

ఇక మిగతావి వరుసగా చెప్పేస్తాను.

లాగిన్ ఎవరికీ ఇవ్వకండి. అక్కకైనా సరే.

"రియల్ ఎగ్జామ్ ప్రశ్నలు" అమ్ముతామనేవాళ్లకు డబ్బు కట్టకండి. వాళ్లు చెప్పింది అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే మీరూ అందులో ఇరుక్కుంటారు.

కోచింగ్ సార్ "ఏమేం వచ్చాయమ్మా, జూనియర్లకు పనికొస్తాయి" అని ఫోన్ చేస్తారు. చెప్పకండి. ఆయన మీద ఎంత గౌరవమున్నా చెప్పకండి. సంతకం చేసింది మీరు, ఆయన కాదు.

టాపిక్స్ మాత్రమే చెబుతున్నాగా అనుకోకండి. ప్రశ్నలు ఎలాంటివన్నది చెప్పడం కూడా ఆ ఒప్పందం కిందికే వస్తుంది.

గ్రూపులో ఎవరైనా హాల్లో చూసిన ప్రశ్న పెడితే జవాబు రాయకండి, "థాంక్యూ" అనకండి, ఫార్వర్డ్ అసలే చేయకండి. అడ్మిన్‌కి విడిగా చెప్పండి. అడ్మిన్లూ, మీరు చూసీ ఊరుకుంటే మీ మీదికీ వస్తుంది.

మెసేజ్ డిలీట్ చేశా కదా అని ధైర్యం తెచ్చుకోకండి, అప్పటికే ఎవరి ఫోన్లోనో స్క్రీన్‌షాట్ ఉంటుంది.

డబ్బు కట్టి కొన్న క్వశ్చన్ బ్యాంక్ ప్రశ్నలో పేషెంట్ వయసు, పేరు మార్చి "నేను తయారు చేశాను" అని పెట్టకండి.

వార్డులో చూసిన కేసును ప్రాక్టీస్ ప్రశ్నగా మారుస్తుంటే చార్ట్ ఫొటో, బెడ్ నంబర్, తేదీ, ఏదీ రానివ్వకండి.

ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. మీరు అడగని ఫైళ్లు కూడా మీ ఫోన్లో చేరుతున్నాయి.

బ్రేక్‌లో ఫోన్ ముట్టుకోకండి. సీల్ చేసిన కవర్లో పెట్టిస్తారు, అది అలాగే ఉండాలి.

ఇప్పటికే నోటీసు వచ్చినవాళ్లు చాట్‌లు చెరిపేయకండి, కథలు అల్లకండి, ఫ్రెండ్స్ సలహాతో జవాబు రాయకండి. ముందు లాయర్‌తో మాట్లాడండి, ఇచ్చిన గడువులోపే నిజం రాసి పంపండి.

మళ్లీ చెబుతున్నాను, హాల్లో చూసిన ప్రశ్న బయట చెప్పకండి. ఎక్కువమంది జారేది బయటికొచ్చిన మొదటి రెండు గంటల్లోనే. తల తేలికైపోయి ఉంటుంది, ఎవరితోనైనా పంచుకోవాలనిపిస్తుంది, ఫోన్ తెరవగానే "ఎలా రాశావ్, ఏమొచ్చాయ్" అని ముప్పై మెసేజ్‌లు. ఒక్క వాక్యం ముందే రాసి పెట్టుకోండి: "రాసేశాను, అలసిపోయాను, ప్రశ్నలు చెప్పకూడదని సంతకం చేశాను." దాన్నే అందరికీ పంపి, గ్రూప్ మ్యూట్ చేసి, పడుకోండి.