మాగాణి మినుములో పురుగు: ఏది కనిపిస్తే ఏం చేయాలి

వంశధార, నాగావళి ఆయకట్టులో వరి వెనక వేసే మినుము, పెసరకు దున్నే ఖర్చు లేదు, ఎరువూ పెద్దగా వేయం. పోయేదంతా మందుల దగ్గరే. పూత వచ్చేదాకా వారానికి రెండుసార్లు, వచ్చాక రోజు విడిచి రోజు, పొద్దున్నే చేలోకి దిగి అటూ ఇటూ తిరగండి. గట్టు మీంచి చూస్తే చేను ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది.

రెండాకుల దశలో ఆకులకు గుండ్రటి చిన్న చిల్లులు

చిత్త పురుగులు. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి చల్లినవాళ్లకు ఈ బెడద చాలావరకు ఉండదు.

ఆకులపై పసుపు మచ్చలు

పల్లాకు తెగులు. మోసుకొచ్చేది తెల్లదోమ. మొక్కను కదిపితే పైకి లేస్తుంది. పసుపు రంగుకు తిరిగిన మొక్క ఏం కొట్టినా కోలుకోదు, టానిక్కులు దండగ. కనిపించిన వెంటనే పీకి కాల్చేయండి. పసుపు జిగురు అట్టలు పెట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొట్టండి.

పూత, పిందెలు గూడు కట్టడం

అసలు నష్టం ఇక్కడే. ఒక గుత్తిని వేళ్లతో విప్పి చూడండి: సాలెగూడు లాంటి దారాలు, తడి పెంట, మధ్యలో ఒంటిమీద నల్ల చుక్కలున్న సన్నటి తెల్ల పురుగు. అదే మారుకా మచ్చల పురుగు. గూడు గట్టిపడ్డాక మందు లోపలికి చేరదు, అందుకే మొగ్గలోనే వెతకాలి. పూత సమయంలో మబ్బు, మంచు పడితే మరీ జాగ్రత్త. మొగ్గ దశలో వేపనూనె, గూళ్లు మొదలైతే లీటరుకు 0.3 మి.లీ. క్లోరాంట్రానిలిప్రోల్ లేదా 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్, సాయంత్రం పూట. వారం తర్వాత మళ్లీ గుత్తులు విప్పి చూశాకే రెండో పిచికారీ.

ఆకు జల్లెడైపోవడం

పొగాకు లద్దె పురుగు. దీనికి ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ రెక్కల పురుగు వాసన ఉన్న ఎరతో మగవాటిని పట్టేవి) పెట్టండి. ఆ ఎరకు మారుకా రాదు, కాబట్టి బుట్ట ఖాళీగా ఉందని పూత చూడ్డం మానొద్దు. గుడ్ల ముద్ద, పిల్ల పురుగులు గీకి తెల్లబడ్డ ఆకు కనిపిస్తే తుంచి నలిపేయండి. ఎదిగిన పురుగు పగలు నెర్రెల్లో దాక్కుంటుంది, పిచికారీకి చిక్కదు. 5 కిలోల తవుడు, అరకిలో బెల్లం, అరలీటరు క్లోరిపైరిఫాస్ కలిపి, గ్లవ్స్ వేసుకుని ఉండలు చేసి, పొద్దు వాలాక ఎకరా చేలో వేయండి. ఆ చేలోకి పశువుల్ని, కోళ్లను రానివ్వకండి.